కుళాయి పక్కన ఒకటో నంబరు

ఆ ఆదివారం పొద్దున్న మంగరాజు పెట్టుకున్న పని చాలా చిన్నది. ఎండెక్కకముందే కొత్తింట్లో పాలు పొంగించాలి, మధ్యాహ్నం పేట అధికారి తనిఖీకి వచ్చేసరికి పొయ్యి మీద అన్నం ఉడుకుతూ ఉండాలి, ఆ తరవాత కాళ్ళు చాపుకుని నిద్రపోవాలి. ఈ మూడింటిలో చివరిదాని మీదే అతనికి ఎక్కువ మనసుంది.

అది రంగూనులో కొట్లన్నీ సర్కారు తీసేసుకున్న ఏడాది. తెలుగువాళ్ళు చాలామంది మూటాముల్లె సర్దుకుని ఓడలెక్కేస్తున్నారు. తనిఖీలో ఏ ఇల్లు ఖాళీగా కనబడినా, ఆ ఇంటివాడు కూడా ఓడెక్కేశాడని తేల్చేసి, ఇల్లు ఇంకొకరికి ఇచ్చేస్తున్నారు. మంగరాజు ఎక్కడికీ పోలేదు, పోయే ఉద్దేశమూ లేదు. బోటాటౌంగ్ జెట్టీలో మేస్త్రీ. పుట్టింది అహ్లోన్ బియ్యం మిల్లు పక్కన పాకలో. ఆ పాకను మొన్ననే పడగొట్టారు. దానికి బదులుగా పజుండౌంగ్ కాలువ అవతల, బురద మీద మట్టి పోసి వేసిన కొత్తపేటలో, తడికెగోడల ఇల్లు ఒకటి ఇచ్చారు. అదీ పోతే అతను, పెళ్ళాం దేముడమ్మ, మామ అచ్చెన్న నడివీధిలో నిలబడాల్సిందే.

అచ్చెన్న దేముడమ్మకి తండ్రి, మంగరాజుకి మేనమామ. కుర్రతనంలో శ్రీకాకుళం వీధిబడిలో ఎక్కాలన్నీ అప్పజెప్పి వచ్చిన మనిషి. చదువు విషయంలో ఆ ఇంట్లో ఆయన మాటకి తిరుగులేదు, ఎందుకంటే మిగతా ఇద్దరికీ చదువు లేదు. మంగరాజు బర్మా భాష గడగడా మాట్లాడతాడు గాని, అతనికి గుర్తుపట్టడం వచ్చినవల్లా జెట్టీ బస్తాల మీది ఇంగ్లీషు అంకెలే. అందుకే ఆఫీసుకి వెళ్ళి ఇంటి నంబరు రేకుబిళ్ళ తెచ్చే బాధ్యత అచ్చెన్న మీద పడింది.

"ఒకటో నంబరురా అల్లుడా! ఈదికి మొదటిల్లు. కుళాయి పక్కనే!" అన్నాడాయన బొడ్లోంచి బిళ్ళ తీసి.

"సరిగ్గా సూసినావా మావా?"

"ఏటి, నాకు అంకెలు రావంతావేటి?"

బిళ్ళ మీద ఉన్నది అడుగున నోరు తెరుచుకున్న సున్నా. తెలుగులో అది ఒకటి, సందేహం లేదు. బర్మా లిపిలో అచ్చం అలాగే ఉండే అంకె ఎనిమిది. ఈ సంగతి ఆఫీసువాళ్ళు చెప్పలేదు, అచ్చెన్న అడగలేదు.

వీధిలో ఎనిమిదిళ్ళూ ఎనిమిది కవలపిల్లల్లా ఉన్నాయి. ఇంకా ఎవరూ నంబర్లు కొట్టుకోలేదు. మంగరాజు కుళాయి పక్కింటి గుమ్మానికి బిళ్ళ పెట్టి మేకు కొడుతూ ఉండగా, లోపల ఓ చాప, మూల స్తంభానికి ఎర్రగుడ్డ చుట్టి వేలాడదీసిన కొబ్బరికాయ అచ్చెన్న కంట పడ్డాయి.

"సూసినావటే దేముడూ! కొబ్బరికాయ కూడా సర్కారే ఇచ్చింది. మన కాయ దాసేయ్."

"సర్కారు తీసుకోడమే గాని ఇవ్వడం నానెప్పుడూ సూడలేదయ్యా," అంది దేముడమ్మ.

"శుభమా అని ఇంట్లోకి వొస్తే ఆ మాటలేటి? పాలు పెట్టు."

ఠప్పుమన్న చప్పుడు విని మంగరాజు లోపలికి వచ్చాడు. స్తంభం కింద అచ్చెన్న కొట్టిన కాయ రెండు చెక్కలు, పక్కన ఎర్రగుడ్డ. అతని చేతిలో సుత్తి జారి కాలి మీద పడింది. జెట్టీలో బర్మా దోస్తుల ఇళ్ళకి వెళ్ళివచ్చేవాడు గనక, అది ఇంటిని కాచే దేవర కాయ అనీ, దాన్ని కొట్టరనీ అతనికి తెలుసు.

"మావా! ఇది ఎవల్దో కాపరమున్న ఇల్లు!"

"ఒకటో నంబరు మనదైతే వాళ్ళెందుకుంతారు?" అన్నాడు అచ్చెన్న, కొబ్బరి ముక్క నోట్లో వేసుకుంటూ.

అంతలో డా ఖిన్ నెత్తిన గంప పెట్టుకుని వచ్చింది. మొహింగా, అంటే చేపపులుసు సేమ్యా, వండి వీధుల్లో అమ్ముకునే విధవరాలు. ముందురోజే వచ్చి ఆ ఇంట్లో దిగింది. ఆవిడ స్తంభం కేసి చూసింది, చెక్కల కేసి చూసింది, గుమ్మం మీద బిళ్ళ కేసి మరీ ఎక్కువసేపు చూసి, బర్మా భాషలో "ఎనిమిది" అని చదివింది.

"ఎనిమిదా? ఒకటి కాదా?" అన్నాడు మంగరాజు నీరసంగా.

"ఒకటి నా దగ్గరుంది," అంటూ ఆవిడ గంపలోంచి తన బిళ్ళ తీసింది. దాని నోరు పక్కకి తెరుచుకుని ఉంది.

మంగరాజు క్షమించమని అడగబోయేంతలో డా ఖిన్ స్తంభం ముందు మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులూ జోడించింది.

"దేవరా! ఇది నా ఇల్లు కాదని చెప్పడానికి నీ కాయ నువ్వే పగలగొట్టుకున్నావా!"

బర్మా భాష రాని అచ్చెన్న, ఆవిడ భక్తికి మురిసిపోయి తనూ దణ్ణం పెట్టి, ఆవిడ చేతిలో ఓ కొబ్బరి ముక్క ప్రసాదం పెట్టాడు. ఆవిడ దాన్ని కళ్ళకద్దుకుని, చాప చుట్టుకుని, తిన్నగా వీధి ఆ చివరికి నడిచింది. మంగరాజు వెనకాలే పరిగెత్తాడు.

"డా ఖిన్! ఆగండి! మారాల్సింది మేము!"

"దేవర మాట కాదంటావా బాబూ?" అంటూ ఆవిడ చివరింటి గుమ్మానికి తన బిళ్ళ కొట్టేసింది.

దాని పక్కింట్లో దిగిన కో టున్ సైకిల్‌రిక్షా తొక్కేవాడు. అతనిది ఏడో నంబరు. పక్కింటికి ఒకటో నంబరు పడేసరికి అతని బుర్ర తిరిగింది. కుళాయి దాకా వెళ్ళి, అక్కడ ఎనిమిది చూసి, ఏడు దాని పక్కనే ఉండాలి కదా అని మంచం నెత్తికెత్తుకున్నాడు. ఆ ఇంట్లో అప్పటికే కుండలు సర్దుకున్న రెండో నంబరువాళ్ళు తమ తప్పు తెలుసుకుని సిగ్గుపడి అవతలి చివరికి బయల్దేరారు. మూడో నంబరుకీ ఆరో నంబరుకీ బీరువాలు నడివీధిలో ఢీకొన్నాయి. నాలుగు, ఐదు నంబర్లవాళ్ళు పక్కపక్కవాళ్ళే గనక మధ్య తడికె ఊడదీసి ఇళ్ళు మార్చుకుని, మళ్ళీ తడికె కట్టుకున్నారు.

"ఆగండి! తప్పు మాది!" అని మంగరాజు బర్మా భాషలో వీధంతా తిరిగి అరిచాడు.

"అయ్యో, మీదేం తప్పు? లెక్క చూసుకోనిది మేమే," అన్నారు అందరూ మర్యాదగా, సామాన్లు మోస్తూనే.

మంగరాజుకి ఏడుపొచ్చినంత పనైంది. తన ఇంట్లో డా ఖిన్ ఉంది, డా ఖిన్ ఇంట్లో తన మామ ఉన్నాడు. నిజం చెబితే పరాయి ఇంట్లో దూరినవాడవుతాడు, చెప్పకపోతే విధవరాలి ఇల్లు కాజేసినవాడవుతాడు. ఎటు పోవాలో తేల్చుకునేలోగా పేట అధికారి వచ్చేశాడు, వెనకాల బండెడు సామానుతో ఇంకో సంసారాన్ని వెంటబెట్టుకుని.

ఆయన తిన్నగా ఆ చివరింటికి వెళ్ళాడు. తెలుగువాడు ఓడెక్కేసి ఉంటాడని ఆయన లెక్కేసుకున్న ఆ ఇంట్లోంచి డా ఖిన్ గరిటె పట్టుకుని బయటికొచ్చింది. గుమ్మం మీద ఒకటో నంబరు ఉంది. ఆయన టోపీ సర్దుకుని, ఒక్కొక్క గుమ్మమూ చూసుకుంటూ కుళాయి దాకా వచ్చాడు.

"నువ్వెవరు?"

"ఎనిమిదో నంబరు, సయా," అన్నాడు మంగరాజు, బర్మావాళ్ళు అయ్యగార్లని పిలిచే మాటలో.

"ఎనిమిది ఆ చివర కదా ఉండాలి?"

"ఉండేది సయా."

"మరి ఇప్పుడు?"

"ఇక్కడికి వచ్చింది."

"ఇళ్ళు నడుస్తాయా?"

మంగరాజు నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. ఈలోగా డా ఖిన్ వచ్చి, కొబ్బరి ముక్క ఆయన ముక్కు కింద పెట్టింది. "దేవర మార్చాడు. అనుమానముంటే స్తంభం దగ్గరికెళ్ళి ఆయన్నే అడగండి."

అధికారి స్తంభం కేసి ఓసారి చూసి, టోపీ తీసి, ఓ అడుగు వెనక్కి వేశాడు. ఎనిమిదిళ్ళు, ఎనిమిది బిళ్ళలు, ప్రతి పొయ్యిలోనూ పొగ. ఖాళీ ఇల్లు ఒక్కటీ లేదు. "ఈ వీధి ఆ చివర మొదలై కుళాయి దగ్గర పూర్తవుతుంది," అని ప్రకటించి, వెంట వచ్చిన సంసారానికి వేరే వీధి చూపిస్తానంటూ తీసుకుపోయాడు.

ఇల్లు నిలిచింది. కానీ మంగరాజుకి అన్నం సహించలేదు. సాయంత్రం, పొద్దున్న దాచిన తమ కొబ్బరికాయకి దేముడమ్మ తన కొత్త రవిక గుడ్డలోంచి ఎర్రముక్క చింపి చుట్టింది. అది పట్టుకుని అతను డా ఖిన్ ఇంటికి వెళ్ళి, తల వంచుకుని జరిగిందంతా చెప్పాడు.

"నాకు తెలుసు బాబూ," అందావిడ కాయ స్తంభానికి కట్టుకుంటూ. "దేవర కాయ పగలగొడితే పగలగొడతాడేమో గాని, ముక్కలు కోసి పంచుతాడా?"

"మరి కుళాయి పక్కిల్లు ఎందుకు వదులుకున్నారు?"

డా ఖిన్ అతని కేసి జాలిగా చూసింది. "నిన్న రాత్రి అక్కడే పడుకున్నాను."

మర్నాడు కోడి కూయకముందే నాలుగు వీధుల బకెట్లూ, బిందెలూ మంగరాజు తడికెకి ఆనుకుని వరస కట్టాయి. ఎవరు ముందొచ్చారన్న తగువు బర్మా భాషలో మొదలై తమిళంలోకి దిగింది. ఎవరో గోడకి ఆనుకునేసరికి తడికె లోపలికి వంగి అచ్చెన్న వీపుకి తగిలింది. ఒలికిన నీళ్ళు గడప దాటి చాప కిందికి చేరాయి.

అచ్చెన్న లేచి బయటికొచ్చి, రేకుబిళ్ళ కేసి చాలాసేపు చూసి, అది తనకి మొదటినుంచీ ఎనిమిదిలాగే కనబడిందన్నాడు.