గడ్డకట్టిన సరస్సు, ఎమిలీ చేపలు

ఆ ఉదయం ఎబినేజర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. స్నానం చెయ్యాలి, ఫోటో పంపాలి, నిమ్‌పురా యార్డుకు డ్యూటీకి పోవాలి. ఆయన బెంగాల్లో గూడ్సు బండి గార్డు. రైల్వే ఇన్‌స్టిట్యూట్ ఫోటోల పోటీకి ఆ రోజే ఆఖరు. ఆయన ఫోటో మామూలుది కాదు. పాసు మీద న్యూ జల్పాయ్‌గుడి దాకా వెళ్లి, జీపులో సిక్కిం కొండలెక్కి, గడ్డకట్టిన సరస్సు మీద బోర్లా పడుకుని తీశాడు. మంచు లోపల గాలి బుడగలు దొంతర్లుగా ఆగిపోయి ఉన్నాయి, పైన ఈకల్లాంటి మంచు పొరలు. ఏటా బహుమతి సూర్యాస్తమయాలకే ఇస్తున్నారు. ఈసారి తనకు రాకపోతే జన్మలో ఫోటో తియ్యనని భార్య దోర్కాతో చెప్పేశాడు.

పంపేముందు దాన్ని ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని తమ తెలుగు రైల్వే కుటుంబాల వీధి గ్రూపులో పెట్టాడు. పొగడ్తలు వస్తాయని ఆశ. కింద ఒక్క మాట రాయలేదు. మంచి ఫోటోకి మాటలెందుకన్నది ఆయన సిద్ధాంతం. పెట్టేసి స్నానానికి వెళ్లాడు.

దోర్కా ఇంట్లో ఒక పెద్ద పెట్టె ఫ్రీజర్ ఉంది. దోర్కాది అనడం పేరుకే. వీధిలో ఎవరింట్లో శుభకార్యమైనా చేపలూ మాంసమూ దాచేది అందులోనే. అడగడం కూడా ఎప్పుడో మానేశారు. పక్కింటి ఎమిలీ కూతురికి మర్నాడు నిశ్చితార్థం. గోల్‌బజార్ నుంచి తెచ్చిన చేపలన్నీ ఆ ఫ్రీజర్లోనే ఉన్నాయి. అలాంటి సమయంలో ఎమిలీ గ్రూపు తెరిచింది. తెల్లగా మంచు, నిండా బుడగలు. పెట్టినవాడు ఎబినేజర్. ఇంకేం కావాలి?

"వదినా! ఫ్రీజర్ ఇలగ పాడైపోతే ఫోటోలో సూపిస్తారేటి? నోటితో సెప్పలేరా?" అంటూ బేసిను పట్టుకుని పరుగున వచ్చింది.

దోర్కా ఫోటో చూసింది. మొగుడు సిక్కిం నుంచి తెచ్చిన వందల ఫోటోల్లో ఆమె ఓపిగ్గా చూసినవి రెండే, రెండింటిలోనూ జడలబర్రె ఉంది. ఇందులో లేదు.

"నాకూ సెప్పలేదు వదినా, ఈ మనిషి!" అని ప్లగ్గు పీకేసింది.

కాసేపట్లో వీధంతా గిన్నెలతో దిగింది. ఎవరి పొట్లం ఎవరిదో తెలియక తగువులు మొదలయ్యాయి. వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన అప్పలస్వామి, ఎబినేజర్ ఫోను దోర్కాని అడిగి పుచ్చుకుని, ఫోటోని రెండు వేళ్లతో సాగదీసి చూశాడు.

"ఈ బుడగలు సూసినారా? గ్యాస్ లీకైనాది. కంప్రెసర్ పోనాది," అని తేల్చేశాడు.

ఎబినేజర్ తువ్వాలుతో బయటికొచ్చేసరికి గదినిండా నీళ్లు, నీళ్లలో చేపలు, చేపల చుట్టూ జనం.

"ఏటిది? ఏటైనాది?"

"నువ్వే కదన్నయ్యా ఫోటో పెట్టినావు!" అంది ఎమిలీ.

"అది సరస్సు!"

"ఫ్రీజర్లో సరస్సేటి?"

"సిక్కిం సరస్సు! పదిహేను వేల అడుగుల ఎత్తు! గాలీ చలీ కట్టిన మంచు అది! దాని మీద బోర్లా పడుకుని తీసినాను!"

అప్పలస్వామి ఫోటోని మరికాస్త సాగదీశాడు. "పడుకున్నావు, సరే. థర్మోస్టాట్ సూసినావా?"

ఎబినేజర్‌కి ఒళ్లు మండిపోయింది. మండదూ? కాళ్లూ చేతులూ కొంకర్లు పోతున్నా తీసుకొచ్చిన కళాఖండాన్ని చేపల పెట్టె అంటే ఎవడికి మండదు? తేడా చూపిస్తానని దోర్కా ఫోను లాక్కుని, ఖాళీ ఫ్రీజర్లోకి నడుము దాకా వంగి, అడుగున మిగిలిన మంచుకి ఫోటో తీశాడు. కోపంలోనూ కిటికీ తెరిచి వెలుతురు చూసుకున్నాడు, అదొక జబ్బు. దాన్ని గ్రూపులో పెట్టాడు. ఈసారీ ఒక్క మాట రాయలేదు. కళ్లున్నవాళ్లకి తెలియదా?

అంతలో అప్పలస్వామి చేతిలో ఎబినేజర్ ఫోను మోగింది. ఇన్‌స్టిట్యూట్ కార్యదర్శి వాసుదేవ్. ఆయనదీ అదే వీధి, అదే గ్రూపు.

"ఎబినేజర్, ఫోటో ఏదయ్యా? సాయంత్రంతో క్లోజు."

"గ్రూపులో ఉంది, తీసుకోండి!" అని అరిచి, చొక్కా తొడుక్కుని డ్యూటీకి పోయాడు. కరిగిన చేపలు మళ్లీ గడ్డకట్టించకూడదని ఆ మధ్యాహ్నం వీధిలో అన్ని ఇళ్లలోనూ చేపల పులుసే. ఎమిలీ ఎబినేజర్‌ని తిట్టుకుంటూ కొత్త చేపలు కొనుక్కుంది.

ఆదివారం ఇన్‌స్టిట్యూట్ హాల్లో బహుమతులు. కోల్‌కతా నుంచి వచ్చిన జడ్జిగారు మొదట ఎబినేజర్ ఫోటో చూపించి తల అడ్డంగా ఊపారు.

"ఇది ఎవరో ఫ్రిజ్‌లో తీశారు. ఇలాంటి మోసాలు మానుకోవాలి. నిజమైన హిమాలయం ఇదిగో!" అని పక్కనున్న ఫోటో మీది గుడ్డ తొలగించారు. "ఆ నిశ్శబ్దం చూడండి, ఆ వెలుతురు చూడండి. మొదటి బహుమతి శ్రీమతి దోర్కాకి!"

గ్రూపులో కనిపించిన రెండు ఫోటోలనీ, ఏది ఏ ఫోను నుంచి వస్తే ఆ ఫోను గలవాళ్ల పేరు మీద వాసుదేవ్ నమ్మకంగా రాసుకున్నాడు మరి. ఎబినేజర్ కుర్చీలోంచి ఎగిరి నిలబడ్డాడు.

"సార్! అది మా ఫ్రీజరు! సరస్సు నాది! వీధి వీధంతా సాక్ష్యం! సెప్పండర్రా!"

వీధంతా దోర్కాని వేదిక వైపు తోస్తోంది.

"ఊరుకో అన్నయ్యా," అంది ఎమిలీ చెయ్యి పట్టి లాగుతూ. "వదినకి ప్రైజొస్తే నీకేటి నొప్పి?"

జడ్జిగారు నిలబడినవాడిని జాలిగా చూసి, వేదికెక్కిన దోర్కాని బెంగాలీలో అడిగారు. "చలికి చాలా కష్టపడి ఉంటారు దీదీ?"

అబద్ధం చెప్పడం దోర్కాకి చేతకాదు. తనకొచ్చిన బెంగాలీలో ఉన్నదే చెప్పింది. "వేళ్లు తిమ్మిరెక్కిపోయాయి దాదా. అయినా చేపలన్నీ తీసేదాకా వదల్లేదు."

"అంత మంచులో చేపలు కూడా పట్టారా!" అని జడ్జిగారు చేతులు జోడించారు.

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అప్పటికే నిలబడి ఉన్న ఎబినేజర్ మాత్రం కూర్చున్నాడు.