తోమిన బిళ్ళ

పంతొమ్మిది వందల డెబ్బై ఆరులో, కంకిపాడు పక్క పల్లెలో, వీరభద్రయ్య ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. గేదెను కాలవలో కడగాలి, పది గంటలకు విజయవాడ నుంచి వచ్చే ఆఫీసరుకు చూపాలి, అంతే. గేదె ఖరీదులో సగం బ్యాంకు అప్పు, సగం సర్కారు రాయితీ. దాని చెవికి తీగతో వేలాడే ఇత్తడి బిళ్ళ మీది నంబరు రిజిస్టరుతో కలిస్తేనే రాయితీ. బిళ్ళ లేకపోతే బిల్లు లేదు. బిల్లు లేకపోతే బ్యాంకువాళ్ళు గేదెను తోలుకుపోతారు.

తెల్లారగట్ల పాలు పితికి, పటమటలో అక్క కూతురి సీమంతానికి బయల్దేరిన అతని పెళ్ళాం పున్నమ్మ వీధిలోంచి కేకేసింది.

"ఏమయ్యో! సాయంత్రానికి నేను రాకపోతే నా ఎర్రచీర దండెం మీదుంది. తలుపేసుకుని కానియ్!"

"మెల్లిగా చెప్పవే! ఊరంతా వినాలా?"

"బిళ్ళ కూడా ఊడదీసి తోమాను. ఆఫీసరు గారి ముందు తళతళలాడొద్దూ!"

బిళ్ళ నిజంగానే తళతళలాడుతోంది. చింతపండుకీ బూడిదకీ మురికితో పాటు నల్లరంగు నంబరు కూడా వదిలిపోయింది.

వీరభద్రయ్య గుండె జారి పక్కింట్లో పడింది. వెనకే మనిషీ పరుగెత్తాడు. పక్కింటి సంజీవరావు కిందటేడు తన రాయితీ గేదెను గుట్టుగా సంతలో అమ్మేశాడు. బిళ్ళ మాత్రం దాచుకున్నాడు.

"ఇది కట్టెయ్ వీరభద్రం. ఆఫీసర్లు బిళ్ళ చూస్తారు గానీ అంకెలు చదువుతారా ఏంటి?"

పదింటికి రావలసిన ఆఫీసరు నాలుగింటికి దిగి, ముందుగా అంకెలే చదివాడు.

"ముప్పయ్యొకటి. ఇది సంజీవరావు గేదె కదయ్యా! నీ నలభై రెండేది?"

చూడ్డానికి చేరిన గుంపులోంచి సంజీవరావు ముందుకు దూకాడు. కాదంటే తన సంత బేరం బయటపడుతుంది.

"అవునండీ, నాదేనండీ! ఇవాళ్టికి అరువడిగితే ఇచ్చానండీ!"

"ఒరే సంజీవీ! నా గేదెని నా కళ్ళముందే..."

"చాలు. నువ్వు పలుపు విప్పి తోలుకుపోవయ్యా సంజీవరావ్. ఈయన రాయితీ రద్దు" అంటూ ఆఫీసరు కలం మూత తీశాడు.

వీరభద్రయ్యకు ఒకటే దారి కనిపించింది. పితికితేనే బతుకు.

"అయ్యా, పాలేళయింది. వాణ్ణి పితకమనండి. ఎవరిదో అదే చెబుద్ది."

సంజీవరావు చెంబుతో కూర్చున్నాడు. మొదటి తన్నుకు చెంబు గడ్డివాములో పడింది. రెండో తన్నుకు సంజీవరావు దాని పక్కనే పడ్డాడు.

"ఇయ్యాళ కాస్త కోపంగా ఉందండీ" అన్నాడు వాములోంచి.

"ఇప్పుడు నువ్వు పితుకు" అన్నాడు ఆఫీసరు.

"తలుపేసుకుని పితుకుతానండీ."

"కుదర్దు. నా ఎదురుగానే!"

వీరభద్రయ్య గేదెను చూశాడు, మూత తీసిన కలాన్ని చూశాడు, చుట్టూ నలభైమందిని చూశాడు. గడ్డం దాకా వేలాడే మీసాన్ని ఓసారి తడుముకుని, దండెం మీది ఎర్రచీర పంచె మీదే చుట్టుకుని, ముసుగు లాక్కుని కూర్చున్నాడు.

"పున్నమ్మొదినా, మీసాలెప్పుడొచ్చినయ్?" అని ఎవరో అరిచారు. ఊరు ఊరంతా గొల్లుమంది.

గేదె మాత్రం నవ్వలేదు. చీరచెంగు వాసన చూసి, తృప్తిగా తల ఊపి, పాలు చేపింది. నురుగుతో చెంబు నిండింది.

"మరి నీ గేదె ఏదయ్యా?" అని ఆఫీసరు తిరిగేసరికి, సంజీవరావు వాములోకి ఇంకాస్త దూరాడు.

నెల తిరక్కుండా కొత్త బిళ్ళా, చెక్కూ కలిసి వచ్చాయి. చెక్కు పున్నమ్మ పేరిట ఉంది. "గేదె సదరు చీరనే యజమానిగా గుర్తించినది" అని ఆఫీసరు రిజిస్టరులో రాసుకున్నాడు మరి.

అప్పటినుంచి ఆ ఇంట్లో ఇత్తడి సామానంతా వీరభద్రయ్యే తోముతున్నాడు, బిళ్ళ తప్ప.