పాలు పొంగాయా, ఒలికాయా

బ్రహ్మ సృష్టిలో ఎనభై నాలుగు లక్షల జీవరాశులు ఉన్నాయని పెద్దలు చెబుతారు గానీ, సర్కారు ఫారాల సృష్టిలో ఉన్నవి రెండే రెండు: కదిలేవి, కదలనివి. కదలనివాటికి ఆరంకెల పోస్టల్ కోడు ఉంటుంది. కదిలేవాటికి నంబరు ఉంటుంది. ఈ రెండింట్లో దేనికీ చెందని వస్తువు సింగపూరులో ఇంతవరకూ పుట్టలేదు. పుట్టినా నమోదు చేసే కౌంటరు లేదు గనుక పుట్టనట్టే లెక్క.

ఈ పరమసత్యం సాంబమూర్తికి యాభై ఆరో ఏట తెలిసింది. అంతవరకూ ఆయనకు తెలిసిందల్లా ఇంటి దగ్గరి యూ టీ మెట్రో స్టేషను, ఆఫీసు, మళ్లీ యూ టీ స్టేషను. ఇరవై రెండేళ్లు ఒక బ్యాంకులో కంప్యూటర్ల సేవ చేసుకున్నాడు. ఒక మధ్యాహ్నం హాకర్ సెంటర్లో బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పడేసి చోప్ చేసుకుని, అంటే అక్కడివాళ్ల పద్ధతిలో చోటు ఆపుకుని, భోజనం కోసం వరుసలో నిలబడి వెనక్కి చూశాడు. తన స్థానంలో టిష్యూ ప్యాకెట్ కూర్చుని ఉంది. ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. ఆ సాయంత్రమే పాత తెరచాప పడవల ప్రకటనలు చూడడం మొదలుపెట్టాడు. (ఈ వయసులో కొందరు మగవాళ్లు జుట్టుకు రంగేస్తారు. ఇంట్లోవాళ్లకు అది సులువు.)

రెండేళ్లు శనాదివారాలు పడవ నడపడం నేర్చుకుని, పరీక్ష పాసయ్యాడు. ఆ తర్వాత ఫ్లాట్ అమ్మేశాడు, కారు అమ్మేశాడు, మిగిలిన సంసారాన్ని ఫోటోలు తీసి యాప్‌లో పెట్టాడు. "ఇంకా ఉందా?" అని అడిగినవాళ్లు నలభై మంది. ఉందనగానే మాయమైనవాళ్లు ముప్పై తొమ్మిది మంది. మిగిలిన ఒక్కడూ బూన్ లే నుంచి వచ్చి, పూజా మందిరం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, దేవుళ్లు కూడా దీంతో వస్తారా అని అడిగాడు. రారని ప్రసన్నలక్ష్మి చెప్పింది. అయితే ధర తగ్గించమన్నాడు.

ప్రసన్నలక్ష్మి సాంబమూర్తి భార్య. పుట్టింది భీమిలిలో కాబట్టి ఆమెకు సముద్రమంటే భయం లేదు. ఇల్లు లేకపోవడమంటేనే భయం. వంటింటి తలుపు పక్కన కూతురు వర్షిత ఎత్తును ఏటేటా పెన్సిలుతో గీసుకున్న గోడను కొత్తవాళ్లకు అప్పగించి వచ్చిన రోజు, ఆమె ఆ పెన్సిలు ముక్కను తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. సాంబమూర్తి అది చూశాడు. కానీ అప్పటికే కాపురం పెట్టబోయే ముప్పై నాలుగడుగుల పడవకు సంతకాలు అయిపోయాయి. అందుకని పరిహారంగా పడవకు ఆమె పేరే పెట్టాడు. పడవ పక్కభాగాన తెల్లటి పెద్ద అక్షరాలతో రాయించాడు కూడా.

"మీరు అమ్మమన్నవన్నీ అమ్మానండీ," అంది ప్రసన్నలక్ష్మి. "నాది ఒక్కటే మాట. పాలు పొంగించని చోట నేను పడుకోను."

గుడి కౌంటరులో గుమాస్తా తలెత్తకుండానే అడిగాడు. "గృహప్రవేశమా, వాహన పూజా?"

వాహన పూజ అయితే పది నిమిషాల పని: నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. పడవకు చక్రాలు లేవు. సాంబమూర్తి ఆ సంగతి వివరించబోతుండగా ప్రసన్నలక్ష్మి "గృహప్రవేశం" అనేసింది. గుమాస్తా "గృహప్రవేశం, ఒకటి" అని రసీదు కొట్టి ఇచ్చాడు.

పడవలు నిలిపే మరీనాలో చోటు ఇంకా దొరకలేదు కనుక పడవ ఒడ్డుకు కాస్త దూరంలో నీళ్లలో తేలే ఒక బోయాకు కట్టి ఉంది. అలా కట్టిన పడవ ఆటుపోట్లను బట్టి చుట్టూ తిరుగుతూ ఉంటుంది. పంతులుగారికి అది తెలియదు.

"ఈశాన్యం ఎటండీ?"

"ఇప్పుడైతే అటు."

"ఇప్పుడైతే ఏవిటండీ, ఈశాన్యం కూడా షిఫ్టుల్లో పనిచేస్తుందా?"

మొత్తానికి ఆగ్నేయం అనిపించిన చోట పొయ్యి వెలిగించారు. పాలు గిన్నె అంచు దాకా వచ్చాయి. సరిగ్గా అప్పుడే పక్కనుంచి ఫెర్రీ వెళ్లింది. పడవ ఒక పక్కకు ఒరిగింది, గిన్నె జారింది, పాలు పొయ్యి ఆర్పేశాయి. ప్రసన్నలక్ష్మి ఆ క్షణాన పసుపు బొట్టు పెట్టడానికి గడప ఎక్కడుందో వెతుక్కుంటోంది.

"పొంగాయి," అన్నారు పంతులుగారు. ఆయనకు ఆ పూట జురాంగ్ వెస్ట్‌లో ఇంకో రెండు గృహప్రవేశాలున్నాయి.

"నిజంగా పొంగాయాండీ?" అని ప్రసన్నలక్ష్మి భర్తను అడిగింది.

సాంబమూర్తి అంతా కళ్లారా చూశాడు. ఆమె ముఖం కూడా చూశాడు. "పొంగాయి," అన్నాడు. పెళ్లయిన ఇరవై ఏడేళ్లలో ఆమెతో ఆయన ఆడిన అబద్ధం అదొక్కటే. (రెజ్యూమెలో రాసినవి వేరే ఖాతా.)

ఇక మిగిలింది ప్రయాణ అనుమతి. దాన్ని ఇచ్చేది తేలియాడు వస్తువుల వర్గీకరణ మండలి. లంకావీ, ఫుకెట్, అండమాన్లు, అక్కణ్ణుంచి విశాఖపట్నం అని సాంబమూర్తి దారి రాశాడు. వస్తువు రకం దగ్గర "వాహనం" మీద టిక్కు పెట్టాడు. మండలి అడిగిన కాగితాలు నాలుగు. ఆయన పదకొండు జతచేశాడు. అడగని కాగితం ఒకటి ఎక్కువ పెడితే పని త్వరగా అవుతుందన్నది మనవాళ్లు తరతరాలుగా నమ్ముతున్న సంగతి. ఆయన పెళ్లి శుభలేఖ పెట్టాడు. టెన్త్ క్లాసు మార్కుల జాబితా పెట్టాడు. పదకొండోది గుడి రసీదు.

పన్నెండు పని దినాల తర్వాత, కుటుంబ సమేతంగా రమ్మని పిలుపు వచ్చింది.

అధికారి మిస్ లిమ్ చాలా మర్యాదస్తురాలు. అందరికీ మంచినీళ్లు ఇచ్చి ఇంగ్లీషులో మొదలుపెట్టింది.

"సర్, మీ దరఖాస్తు ప్రకారం ప్రసన్నలక్ష్మి ఒక వాహనం."

ప్రసన్నలక్ష్మి తన హ్యాండ్‌బ్యాగు సర్దుకుంది.

"కానీ పదకొండో కాగితం ప్రకారం గృహప్రవేశం జరిగింది. ఇరవై ఏడో నిబంధన చూడండి. ఏ తేలియాడు వస్తువునందు నివాస ప్రారంభ క్రతువు జరిగెనో, అది నివాసము. నివాసము ఐదేళ్ల వరకు కదలరాదు. కదిలిన యెడల ఇరుగుపొరుగు వారికి అయోమయము కలుగును."

"సముద్రంలో ఇరుగుపొరుగు ఎవరు మేడమ్?"

"ఆ జాబితా ఇంకా తయారవుతోంది సర్."

అప్పుడు మూలనున్న కుర్చీలోంచి ఈశ్వరరావు గారు గొంతు సవరించుకున్నారు. ఆయనది మూడు తరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబం. మండలిలో ఆయన హోదా సంప్రదాయ ద్రవాల సలహాదారు (పార్ట్ టైమ్, గురువారాలు మాత్రమే).

"ఒక మార్గం ఉంది మేడమ్," అన్నారాయన. "పాలు వాటంతట అవి పొంగితేనే గృహప్రవేశం చెల్లుతుంది. ఒలికితే చెల్లదు. ఇంగ్లీషులో రెంటికీ స్పిల్ అనే అంటారు. మాకు అది వేరు, ఇది వేరు."

మిస్ లిమ్ వెంటనే ఫారంలో కొత్తగా రెండు గళ్లు గీసింది: పొంగెను, ఒలికెను. తర్వాత సాక్ష్యం అడిగింది. వర్షిత ఫోన్ తీసి ఆనాటి వీడియో చూపించింది. అందులో నలభై సెకన్లు వర్షిత ముఖమే ఉంది, ఆ తర్వాత పడవ కప్పు, ఆ తర్వాత పంతులుగారి మోచేయి.

"పాలు ఎక్కడమ్మా?" అన్నాడు సాంబమూర్తి.

"డాడీ, ఐ వాజ్ ఫేసింగ్ ది అదర్ వే లా," అంది వర్షిత సింగపూరు యాసలో.

సాంబమూర్తి ఫారం మీదికి వంగాడు. రెండేళ్ల శనాదివారాలు, అమ్మేసిన ఫ్లాటు, ఇంకా ఒక్కసారి కూడా గాలి నిండని తెరచాప, అన్నీ ఆ రెండు గళ్ల మధ్య ఉన్నాయి.

"ఒలికాయి మేడమ్," అన్నాడు. "ఫెర్రీ వెళ్లింది. నేను చూశాను."

ప్రసన్నలక్ష్మి మెల్లగా ఆయన వైపు తిరిగింది. ఆయన తిరగలేదు.

"ధన్యవాదాలు సర్. అయితే నిబంధన ప్రకారం పొయ్యి గృహిణి అధీనంలో ఉంటుంది కాబట్టి ఆమె మాటే అంతిమం," అంటూ మిస్ లిమ్ పెన్ను ఎత్తి పట్టుకుంది. "మేడమ్, పాలు ఏమయ్యాయి?"

ప్రసన్నలక్ష్మి తొందరపడలేదు. ఈశ్వరరావు గారి వైపు తిరిగి తెలుగులో చెప్పింది.

"నేను చూళ్లేదండీ. మావారే చెప్పారు, పొంగాయని. ఆయన నాతో అబద్ధం ఆడరు."

ఈశ్వరరావు గారు దాన్ని ఇంగ్లీషులోకి మార్చారు. మిస్ లిమ్ మొదటి గడిలో, పొంగెను దగ్గర, టిక్కు పెట్టింది. ప్రింటరు కాసేపు ఆలోచించి ధ్రువపత్రం బయటికి పంపింది. పైన సరికొత్త ఆరంకెల పోస్టల్ కోడు, కింద ఒకే ఒక్క వాక్యం. వివరాలన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చదువుకుని సంతకం చేయమని మిస్ లిమ్ కోరింది.

"ప్రసన్నలక్ష్మి కదలదు," అని ఉంది.

సరిగ్గానే ఉన్నాయని సాంబమూర్తి సంతకం పెట్టాడు.