వీపు చూపని జట్టు

ఒక పెద్ద అడవిలో ఓడిపోవడానికి కూడా ఒక పద్ధతి ఉండేది. సాయంత్రం ఓడిపోయేవారు, మర్నాడు పొద్దున్నే సమీక్షా సమావేశం పెట్టేవారు, మధ్యాహ్నానికి ఎవరో ఒకరి ఉద్యోగం తీసేసేవారు. ఆ తర్వాత అందరూ తృప్తిగా భోజనం చేసేవారు.

అక్కడి ఆట వెలగకాయ ఆట. విసురుగాడు అనేవాడు వెనక నిలబడి వెలగకాయ విసురుతాడు. జింకలు దాన్ని అందుకుని ఎదుటివాళ్ల గీత దాటితే ఒక పాయింటు. విసురుగాడు కాయ విసిరేలోపే ఎదుటి జట్టు వచ్చి అతన్ని పడగొట్టాలని చూస్తుంది. అలా పడగొట్టకుండా అతని ముందు నాలుగు అడవిదున్నలు గోడలా నిలబడాలి. సగం ఆట అయ్యాక జట్లు వైపులు మారతాయి. అంతే ఆట. పిల్ల కుందేలుకి కూడా అర్థమవుతుంది. యాజమాన్యానికి తప్ప.

ఆ ఏడాది తొమ్మిది ఆటలుంటే ఆరు అయిపోయాయి. ఆరూ ఓటములే. ఈ ఆరింటికీ కలిపి ముగ్గురు విసురుగాళ్లనీ ఐదుగురు కోచ్‌లనీ తీసేశారు. అంటే ఓటమికి సగటున ఒకటీ మూడోవంతు ఉద్యోగి. తీసేసిన దున్నల సంఖ్య సున్నా. దున్నలు పర్మినెంటు, విసురుగాడూ కోచ్ కాంట్రాక్టు. పైగా సమీక్షా సంఘంలో నలుగురు సభ్యులు. ఆ నలుగురూ ఆ దున్నలే.

జట్టు యజమాని కేసరిరాయుడు అనే సింహం. అందరూ ఆయన్ని ఏలినవారు అంటారు. మేనేజరు జంబన్న అనే నక్క. ఏలినవారు ఏం చెప్పబోతున్నారో వారికంటే ముందే తెలుసుకోవడం జంబన్న ఉద్యోగం. ఆ ఉద్యోగంలో అతను ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు.

ఏడో ఆటకి కొత్త విసురుగాడిగా కొండమీదినుంచి బారయ్య అనే కొండముచ్చు వచ్చాడు. చేతులు పొడుగు, గురి గట్టిది, నోరు మెత్తన. కొత్త కోచ్‌గా వరాలమ్మ అనే అడవిపంది వచ్చింది. ఆమె నోరు మెత్తన కాదు.

బారయ్యకి మేడిచెట్టు క్వార్టర్సు ఇచ్చారు. అతని భార్య తోటమ్మ అప్పటికి వారం కిందటే ప్రసవించింది. గులాబీరంగు ముఖంతో ఉన్న బిడ్డ, తల్లి పొట్టని పట్టుకుని వదలడం లేదు.

"ఈ చెట్టు బాగుందయ్యా. పండ్లున్నాయి, నీడుంది, పులులు ఎక్కలేనంత ఎత్తుంది. బిడ్డ గెంతడం నేర్చేదాకా మనల్ని కదిలించరు కదా?" అంది తోటమ్మ.

"గెలిస్తే కదిలించరు."

"గెలుస్తావా?"

"విసరడం నా చేతిలో ఉంది. గెలవడం సంగతి ఇంకా చూడాలి" అన్నాడు బారయ్య.

మర్నాడే చూశాడు. మొదటి సగంలో బారయ్య పన్నెండుసార్లు కిందపడ్డాడు. కాయ చేతిలోకి రావడం, తోడేలో అడవికుక్కో గుండెలమీదికి రావడం ఒకేసారి జరుగుతున్నాయి. రెండో సగంలో ఒక్కసారే పడ్డాడు, నాలుగు పాయింట్లు తెచ్చాడు. కానీ అప్పటికే ఎదుటివాళ్లకి తొమ్మిది వచ్చేశాయి.

సమీక్షలో జంబన్న నివేదిక చదివాడు. "విసురుగాడు మొత్తం పదమూడుసార్లు పడ్డాడు. కారణం, నిలబడలేకపోవడం."

"అవును," అన్నాయి నాలుగు దున్నలూ.

కొత్తవాడు కాబట్టి బారయ్యకి షోకాజ్ నోటీసుతో సరిపెట్టారు. ఇంకొక్క ఆట పోతే ఉద్యోగమూ పోతుంది, మూడు రోజుల్లో క్వార్టర్సు ఖాళీ చెయ్యాలి. ఆ రోజుకి ఎవరినో ఒకరిని తీసెయ్యాలి కాబట్టి నీళ్లందించే కొంగని తీసేశారు.

వరాలమ్మకి మాత్రం పన్నెండు, ఒకటి అనే రెండు అంకెలూ నిద్రపట్టనివ్వలేదు. అదే విసురుగాడు, అవే దున్నలు, అవే జింకలు. మొదటి సగానికీ రెండో సగానికీ మారింది వైపులొక్కటే. పాత ఆటల లెక్కలు తెప్పించుకుంది. ఆరు ఆటల్లో విసురుగాళ్లు మొదటి సగంలో పడ్డది డెబ్భై ఒక్కసారి. రెండో సగంలో ఆరుసార్లు.

వెంటనే మైదానానికి వెళ్లి, దున్నలు నిలబడేచోట నిలబడి, పడమటికి తిరిగి చూసింది. ఎదురుగా ఏలినవారి గద్దె కనిపించింది.

దున్నల పెద్ద కొమ్మన్నని పిలిచింది. "ఒరేయ్ కొమ్మన్నా, నిజం చెప్పు. మొదటి సగంలో మీరు ఎటు తిరిగి నిలబడతారు?"

"ఏలినవారి వైపు, అమ్మగారూ."

"ఎదుటి జట్టు వచ్చేది ఎటునుంచి?"

"వెనకనుంచి."

"వెనకనుంచి వచ్చేవాళ్లని ఎలా ఆపుతార్రా?"

"ఆపంగా," అన్నాడు కొమ్మన్న నిదానంగా నెమరేస్తూ. "ఏలినవారికి వీపు చూపకూడదని వాళ్ల తాతగారి నాటి ఉత్తర్వు ఉంది. వీపు చూపిస్తే ఇంక్రిమెంటు కోత. విసురుగాడు పడితే ఎవరికీ ఏ కోతా లేదు. మీరే చెప్పండి, లెక్క తెలిసినవారు."

వరాలమ్మ ఆ లెక్క మళ్లీ వేసి చూసింది. లెక్క సరిగ్గానే ఉంది.

ఆవిడ నేరుగా జంబన్న దగ్గరికి వెళ్లింది. "మేనేజరుగారూ, గద్దెని పక్కకి జరిపిస్తే చాలు. ఈ జట్టు గెలుస్తుంది."

జంబన్న చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మేడం, ఆ గద్దె నైరుతిలో వాస్తుప్రకారం పెట్టింది. యజమాని నైరుతిలో ఉంటేనే జట్టుకి విజయం."

"ఏడు ఆటలు ఓడిపోయారు కదండీ!"

"వాస్తు లేకపోతే పద్నాలుగు ఓడిపోయేవాళ్లం."

"ఆడిందే ఏడు."

"అదే మరి, ఆడకుండానే ఇంకో ఏడు ఓడిపోయేవాళ్లం," అన్నాడు జంబన్న. "మీకు ముందొచ్చిన ఐదుగురు కోచ్‌లూ ఇదే మాట అన్నారు. వాళ్లిప్పుడు ఎక్కడున్నారో కనుక్కున్నారా?"

నిజం చెప్పినవాళ్లు ఐదుగురికి ఐదుగురూ పోయారు. అంటే నూటికి నూరు. కాబట్టి వరాలమ్మ నిజం చెప్పడం మానేసింది. ఎనిమిదో ఆటకి ముందురోజు ఏలినవారి దర్శనానికి వెళ్లి, ఆయన జూలువంక చూస్తూ నిట్టూర్చింది.

"ఏమిటి వరాలమ్మా, ఆ నిట్టూర్పు?" అడిగాడు కేసరిరాయుడు.

"ఏం చెప్పమంటారు ప్రభూ! ఆట మొదలయ్యేసరికి ఎండ పడమటినుంచి వస్తుంది. తమరు పడమట కూర్చుంటారు. ఇంత బంగారంలాంటి జూలూ జనానికి నల్లటి పొదలా కనిపిస్తోంది."

సింహం ఉలిక్కిపడింది. "పొదలానా?"

"మొదటి సగం తూర్పు గట్టున కూర్చుంటే ఎండ ఎదురుగా పడి ధగధగా మెరిసిపోతుంది. విరామంలో ఊరేగింపుగా గద్దెకి తిరిగొస్తే సరి."

"మరి వాస్తు?" అన్నాడు జంబన్న.

"జూలుకంటే వాస్తు ఎక్కువా?" అని గర్జించింది సింహం.

"తూర్పే అసలైన నైరుతి అని కొందరు పెద్దలు అంటారు, ప్రభూ," అన్నాడు జంబన్న వెంటనే.

ఎనిమిదో ఆట తూర్పుకొండ తోడేళ్లతో. ఏలినవారు తూర్పు గట్టున మెరుస్తూ కూర్చున్నారు. ఉత్తర్వు తప్పకుండా దున్నలు వారికేసి తిరిగి నిలబడ్డాయి. అటునుంచే తోడేళ్లు వచ్చాయి. విరామానికి ముందు దున్నలకి ఎదుటి జట్టు ముఖాలు కనిపించడం అదే మొదలు.

"వీళ్లు విరామం తర్వాత కదరా వచ్చేది?" అన్నాడు కొమ్మన్న పక్కవాడితో.

"మన మీదికే వస్తున్నట్టున్నారన్నా."

వచ్చినవాళ్లు కొమ్ములకి తగిలి ఆగిపోయారు. బారయ్యకి మొదటి సగంలోనే కాయని చేతిలో రెండుసార్లు తిప్పి చూసుకునేంత తీరిక దొరికింది. తాపీగా గురిచూసి విసిరాడు. జింక గీత దాటింది. మళ్లీ విసిరాడు. మళ్లీ దాటింది. ఆట ముగిసేసరికి ఎనిమిది, మూడు. బారయ్య పడింది ఒక్కసారే, అదీ విరామంలో ఏలినవారి ఊరేగింపుకి దారి ఇస్తూ.

అడవి ఊగిపోయింది. మేడిచెట్టు మీద తోటమ్మ బిడ్డని పైకెత్తి చూపించింది. బారయ్య వచ్చి వరాలమ్మ కాళ్లకి దండం పెట్టాడు. "అక్కా, ఇంకొక్క ఆట. అది గెలిస్తే వచ్చే ఏడాదికి కూడా కాంట్రాక్టు ఇస్తారట."

"ఇస్తార్లే. ఈ లెక్క ఎవడూ చెడగొట్టకపోతే," అంది వరాలమ్మ.

లెక్కని చెడగొట్టడానికే మర్నాడు సమీక్ష పెట్టారు. గెలిచినా పద్ధతి పద్ధతే. జంబన్న నివేదిక చదివాడు. "గత ఏడు ఆటలకీ ఈ ఆటకీ తేడా ఒక్కటే, ఏలినవారి జూలు మెరవడం. కాబట్టి వచ్చిన ఎనిమిది పాయింట్లలో జూలు వాటా ఎనిమిది."

"విసిరింది బారయ్య కదండీ," అంది వరాలమ్మ.

"మిగిలినదంతా బారయ్యదే. మేమేం కాదనలేదు."

కేసరిరాయుడు లేచి నిలబడ్డాడు. "జంబన్నా, నేను గట్టుమీద కూర్చుంటేనే ఎనిమిది వచ్చాయి. నేనే బరిలో దిగి కాయ విసిరితే?"

"పదహారు ప్రభూ," అన్నాడు జంబన్న. ఆలోచించుకోవడానికి రెప్పపాటు కూడా తీసుకోలేదు.

వరాలమ్మ లేచి అడ్డుపడింది. "ప్రభూ, విసురుగాడు దున్నల వెనకాల నిలబడాలి. తమరు వెనకాల నిలబడితే దున్నలు..."

"దున్నలకేం?" అన్నాడు కొమ్మన్న. "ఏలినవారిని అంత దగ్గరనుంచి దర్శించుకునే భాగ్యం మాకెప్పుడొస్తుంది?"

మిగతా మూడు దున్నలూ చప్పట్లు కొట్టాయి. ఆటగాళ్ల జాబితా మూసేసి చాలా రోజులైంది కాబట్టి, ఏలినవారు బారయ్య పేరు మీద ఆడాలని తీర్మానించారు. బారయ్యని గట్టుమీద కూర్చోబెట్టారు.

తొమ్మిదో ఆట. మళ్లీ తోడేళ్లే. కేసరిరాయుడు వెలగకాయని పంజాలో పట్టుకుని, జూలు దులిపి నిలబడ్డాడు. నాలుగు దున్నలూ ఆయన వైపు తిరిగి, తలలు వంచి, భక్తితో కళ్లు అరమూశాయి.

ఈల మోగింది.

తోడేళ్లు వేరే అడవివి. వాటికి ఆ తాతగారూ తెలియదు, ఆ ఉత్తర్వూ తెలియదు. దున్నల మధ్యనుంచి దూరిపోయి ఏలినవారిని వెల్లకిలా పడేశాయి.

వరాలమ్మ గట్టుమీదినుంచి అరిచింది. "కొమ్మన్నా! అటు తిరగండ్రా! ఆయన్ని తినేస్తున్నారు!"

"వీపు చూపమంటారా అమ్మగారూ? అదీ ఇలాంటి సమయంలోనా?" అన్నాడు కొమ్మన్న నొచ్చుకుని.

ఏలినవారు కిందపడటం చూడటం కూడా మర్యాద కాదు కాబట్టి, ఆయన పడ్డ ప్రతిసారీ దున్నలు కళ్లు పూర్తిగా మూసుకున్నాయి. ఆయన లేచాక తెరిచాయి. రెండో సగంలో వైపులు మారాయి, విసురుగాడు మారలేదు, కాబట్టి దున్నలూ మారలేదు. కళ్లు మొత్తం ఇరవై రెండుసార్లు మూశాయి. స్కోరు పంతొమ్మిది, సున్నా.

బారయ్య గట్టుమీద కూర్చుని ఒక్కొక్క పతనాన్నీ లెక్కపెట్టాడు. ఇరవై రెండు దాకా లెక్కపెట్టి, మేడిచెట్టు వైపు చూడలేక తల దించుకున్నాడు.

మర్నాడు సమీక్ష. ఏలినవారి ముక్కుకి పసుపు పట్టీ ఉంది. జంబన్న నివేదిక క్లుప్తంగా ఉంది. "రికార్డుల ప్రకారం బారయ్య ఒక్క ఆటలో ఇరవై రెండుసార్లు పడ్డాడు. ఈ అడవి చరిత్రలో ఇంత ఘోరం లేదు."

"నేను గట్టుమీద కూర్చున్నానండీ," అన్నాడు బారయ్య.

"కూర్చున్నావు. అది రెండో అభియోగం. ఏలినవారు పడుతుంటే కూర్చుని చూశావు."

బారయ్య సింహం వంక చూశాడు. సింహం గోడమీది బల్లి వంక చూసింది. "ప్రభూ, పసిబిడ్డ ఉంది. ఒక్క నెల..."

"అనుకూలంగా ఉన్నవారు చేతులెత్తండి," అన్నాడు జంబన్న. నాలుగు కాళ్లు లేచాయి. విసురుగాడినీ కోచ్‌నీ తీసేశారు. తొమ్మిది ఓటముల్లో ఒకటి తగ్గి ఎనిమిదైందని నివేదిక చివర అభినందన కూడా రాశారు.

బయటికొచ్చాక కొమ్మన్న బారయ్య భుజం మీద తల ఆనించాడు. "ఏమనుకోకు తమ్ముడూ. నాకింకా నాలుగేళ్ల సర్వీసుంది."

"నువ్వు వీపు తిప్పి ఉంటే నా బిడ్డకి చెట్టు ఉండేదన్నా," అన్నాడు బారయ్య. కొమ్మన్న ఆ మాట కూడా నెమరేసి మింగేశాడు.

క్వార్టర్సు ఖాళీ చెయ్యడానికి మూడు రోజుల గడువుంది. కానీ ఆ సాయంత్రమే కొత్త విసురుగాడు ఇల్లు చూసుకోవడానికి వచ్చాడు. వచ్చింది కొండచిలువ.

"దీనికి చేతులే లేవు కదండీ!" అంది, సామాను సర్దుకుంటూ అటుగా వచ్చిన వరాలమ్మ.

"కాళ్లూ లేవు," అన్నాడు జంబన్న గర్వంగా. "పుట్టినప్పటినుంచీ నేలమీదే ఉంది. ఇక పడే ప్రసక్తి ఎక్కడుంది మేడం? వచ్చే ఏడాది పతనాలు సున్నా. రాసిపెట్టుకోండి."

కొండచిలువ చెట్టుకి ఒక చుట్టు చుట్టుకుని పైకి చూసింది. "బిడ్డ ముద్దుగా ఉన్నాడు," అంది.

తోటమ్మ మూడు రోజులు ఆగలేదు. మూడు క్షణాలు కూడా ఆగలేదు. బిడ్డని పొట్టకి అదుముకుని పక్క కొమ్మమీదికి దూకింది, అక్కడినుంచి ఇంకో కొమ్మకి, వెనక బారయ్య. చీకటి పడేలోపు అడవి హద్దు దాటారు. వరాలమ్మ కిందనుంచి పొదలు తొక్కి వాళ్లకి దారి చేస్తూ నడిచింది. ముగ్గురిలో ఏ ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ మరుసటి ఏడాది జట్టు తొమ్మిదికి తొమ్మిదీ ఓడిపోయింది. కొత్త విసురుగాడు ఒక్కసారి కూడా పడలేదు. ఉత్తమ మేనేజరు బహుమతి జంబన్నకే వచ్చింది.

నీతి: ఆట గెలవాలంటే ముందున్నవాడిని చూడాలి, ఉద్యోగం నిలవాలంటే వెనకున్నవాడిని చూడాలి.