అన్నం మానిన గుమాస్తా

సోమవారం పొద్దున హిదాయతుల్లా రోజూలాగే వేసుకున్న పథకం చిన్నది. ఇంట్లో రెండు కోడిగుడ్లు, ఆఫీసులో నాలుగు కొర్రమీను ముక్కలు, అన్నం మాత్రం మెతుకు ముట్టకూడదు. చక్కెర జబ్బుకు డాక్టర్ రాజరత్నం చెప్పిన పథ్యమది. మొదలుపెట్టి మూడు వారాలైంది. ఏలూరు తాలూకా ఆఫీసులో హెడ్ గుమాస్తా ఆయన; పెన్షన్‌కు ఇంకా ఎనిమిది నెలలుంది.

చిక్కల్లా తాసీల్దారు భీమశంకరం గారితోనే. ఆయనకు చేపల వాసన గిట్టదు. అందుకని హిదాయతుల్లా మధ్యాహ్నం రికార్డుల గదిలో తలుపేసుకుని తినేవాడు.

ఆ తలుపు ముందుకు కొల్లేటి ఒడ్డు రైతు వెంకట్రాజు వచ్చాడు. మురుగుకాలవ పూడిక తీయించమని అతను అర్జీ పెట్టి కూడా సరిగ్గా మూడు వారాలే.

"ఏవండీ, గుమాస్తా గారు భోజనానికి వెళ్లారాండీ?"

"ఇంకెక్కడి భోజనమండీ! అన్నం మానేసి మూడు వారాలైంది" అన్నాడు బంట్రోతు మౌలాలి.

"అయ్య బాబోయ్! మా అర్జీ కోసవేనా?"

మౌలాలికి తెలీదు. తెలీదని చెప్పే అలవాటూ లేదు.

"మరెందుకనుకున్నారు?"

బుధవారానికి కొల్లేటి ఊళ్ల నుంచి మూడు వందల మంది దండలతో దిగారు. "హిదాయతుల్లా గారి దీక్షకు జై!"

భీమశంకరం గారి తలపాగా జారింది. "సర్కారు నౌకరీలో ఉండి నిరాహార దీక్షా? కలెక్టరు గారికి తెలిస్తే ఇద్దరం ఇంటికే!"

"దీక్షా లేదు, పాడూ లేదండీ. రోజూ తింటూనే ఉన్నానండీ."

"ఏం తింటున్నారు? ఎక్కడ?"

హిదాయతుల్లా రికార్డుల గది వైపు ఒకసారి చూసి నోరు మూసుకున్నాడు.

"పాపం, మాట్లాడ్డానికి కూడా ఓపిక లేదండీ!" అన్నాడు కిటికీలోంచి వెంకట్రాజు.

"పదండి వరండాలోకి!" అన్నారు భీమశంకరం గారు. " అందరూ చూస్తుండగా అన్నం తినండి. లేదా రాజీనామా రాయండి."

తాసీల్దారు తన క్యారేజీ తెప్పించి, దద్దోజనం స్వయంగా ఆకులో వడ్డించారు. ఒకవైపు డాక్టరు, ఒకవైపు పెన్షన్. హిదాయతుల్లా ఎక్కువసేపు ఆలోచించలేదు. మొదటి ముద్దకే కళ్లు మూతపడ్డాయి. కళ్లు తెరిచేసరికి క్యారేజీ ఖాళీ.

 జనంలోంచి వెంకట్రాజు గొంతు లేచింది.

"దీక్ష విరమించారండోయ్! తాసీల్దారు గారే తన చేత్తో అన్నం పెట్టారు! కాలవ తవ్విస్తానని మాటిచ్చేసినట్టేనండీ!"

దండలన్నీ భీమశంకరం గారి మెడలో పడ్డాయి. "నేనెప్పుడిచ్చానయ్యా మాట?" అన్నది బంతిపూల కిందే ఉండిపోయింది. ఉత్తర్వు మీద సంతకం పడేదాకా ఒక్కడూ కదల్లేదు.

మర్నాడు కలెక్టరు గారి తంతి వచ్చింది: కాలవ తవ్వమని ఉత్తర్వు ఎవరి అనుమతితో?

ఆ రోజు నుంచి తాసీల్దారు గారు కూడా అన్నం మానేశారు, డాక్టరు చెప్పకుండానే.