ఒక కుర్చీ, వేలమంది జన్యువులు

మానవజాతిలో ఎవరు కూర్చోవాలి, ఎవరు నిలబడాలి అన్న ప్రశ్నకు శాస్త్రీయమైన జవాబు ఎట్టకేలకు దొరికింది. మెట్రో హైటెక్ సిటీదాకా పడిన కొత్తలో, అమీర్‌పేటలో మూడో అంతస్తులో ఉన్న మా కోచింగ్ సెంటర్లో దొరికింది. ప్రపంచం ఇంకా గుర్తించలేదు. (ప్రపంచానికి లిఫ్టు లేనిచోట మెట్లెక్కే అలవాటు లేదు.)

మా దగ్గర జావా చెప్పే హనుమాండ్లు గారు భారీ మనిషి. ఆయన కాలి బొటనవేలికి గౌట్ వచ్చింది. రక్తంలో యూరిక్ యాసిడ్ ఎక్కువై కీలులో పేరుకుంటే, దుప్పటి తగిలినా ప్రాణం పోయినంత పనవుతుంది. ఆయన డైరెక్టర్ అచ్యుతరావు గారిని అడిగింది ఒకే ఒక్క కుర్చీ.

"సార్, వేలు మస్తు సలుపుతుంది. పొద్దంత నిలబడుడు నాతోని అయితలేదు. జర కుర్చీ ఇప్పించుండ్రి."

"ఏంటి హనుమాండ్లు గారూ, మీరు తిని తెచ్చుకున్న రోగానికి సంస్థ కుర్చీ ఇవ్వాలా? పుట్టుకతో వచ్చిందని రుజువు తెండి, చూద్దాం."

వెంటనే కుర్చీ అర్హతా నిర్ధారణ సంఘం ఏర్పడింది. (సభ్యులు: డైరెక్టర్ గారు, వారి బావమరిది.)

హనుమాండ్లు గారు కుంటుకుంటూ పంజాగుట్ట వెళ్లి డాక్టర్ హైమవతి గారిని కలిశారు. ఆవిడ ఓపిగ్గా చెప్పారు. "బరువు పెంచే జన్యువులు ఎవరికి వస్తాయన్నది పుట్టుకలోనే లాటరీలా తేలిపోతుందండి. అవి ఎక్కువున్నవాళ్లలో గౌట్ కూడా ఎక్కువగా కనిపిస్తోంది. అందుకే బరువు గౌట్‌కి ఒక కారణం అంటున్నాం. కానీ అది వేలమందిని పోల్చి చెప్పే మాట. మీ ఒక్కరి వేలు గురించి ఏమీ తేల్చదు. మందులు వాడండి, కాలికి విశ్రాంతినివ్వండి."

ఆయన ఇదంతా సంఘానికి విన్నవించారు. సంఘానికి ఒక్క ముక్కే వినబడింది.

"వేలమంది కావాలన్నారుగా? తెండి!"

అమీర్‌పేటలో దేనికి కరువున్నా వేలమందికి కరువు లేదు. విద్యార్థుల వరుస మెట్లు దిగి, రోడ్డెక్కి, జిరాక్స్ షాపు చుట్టూ తిరిగింది. జన్యువుల పరీక్షకని గొట్టంలో ఉమ్మిన ప్రతి ఒక్కరికీ జన్యుశాస్త్ర పరిశోధనలో రెండేళ్ల అనుభవం ఉన్నట్టు సర్టిఫికెట్ ఇచ్చారు. గొట్టాలు అందుకునే బాధ్యత హనుమాండ్లు గారిదే. (నిలబడి.)

ఫలితాలను బావమరిది గారు ఎక్సెల్‌లో తేల్చారు. బరువు వల్ల గౌట్ వస్తుంది. హైమవతి గారు ముందే చెప్పిన మాట ఇప్పుడు రంగురంగుల గ్రాఫుతో వచ్చింది.

అచ్యుతరావు గారు గొంతు తగ్గించారు. "కూర్చుంటే బరువు పెరుగుతుంది. బరువు పెరిగితే గౌట్ వస్తుంది. అంటే కుర్చీ వల్లే గౌట్! తెలిసి తెలిసి మీకు కుర్చీ ఇవ్వడానికి నాకు చేతులు రావట్లేదండి."

"వచ్చినంకనే గద సార్ అడుగుతున్న!"

"మీకు వచ్చేసింది, సరే. రేపు పిల్లలకి వస్తే?"

హనుమాండ్లు గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. సంఘం దాన్ని కృతజ్ఞత కింద నమోదు చేసుకుంది.

మర్నాడు ఆరోగ్య పరిరక్షణలో భాగంగా క్లాసులోని కుర్చీలన్నీ తీసేశారు. ఇప్పుడు ఒక్క బ్యాచ్ పట్టే గదిలో మూడు బ్యాచ్‌లు పడుతున్నాయి. మధ్యలో హనుమాండ్లు గారు ఒంటికాలి మీద జావా చెబుతున్నారు. ఆయన పడిపోతారేమోనన్న భయం మాత్రం ఎవరికీ లేదు. పడిపోవడానికి చోటు లేదు.