ఫారం పదకొండు అయిపోయిన రోజు

కొట్టగలిగిన మనిషిని ఏం చెయ్యాలో తెలియక మానవజాతి చాలాకాలం తడుముకుంది. చివరికి సాఫ్ట్‌బాల్ ఆట కనిపెట్టినవాళ్లు తేల్చేశారు. కొట్టనివ్వకూడదు. అలాగని అవమానించనూ కూడదు. మర్యాదగా మొదటి బేస్ (కొట్టినవాళ్లు చుట్టి రావాల్సిన నాలుగు మజిలీల్లో మొదటిది) దాకా నడిపించి, అక్కడ నిలబెట్టాలి. దీన్ని ఇంటెన్షనల్ వాక్ అంటారు. బంతి కూడా వెయ్యక్కర్లేదు. "ఈవిణ్ణి నడిపించెయ్యండి" అని అవతలి జట్టు అంపైరుతో ఒక్క మాటంటే చాలు, ఆవిడ బ్యాట్ కింద పెట్టి నడుచుకుంటూ పోతుంది. స్కోరు పుస్తకంలో అది హిట్ కాదు, ఔట్ కూడా కాదు. ఆవిడ వచ్చినట్టూ ఉంటుంది, రానట్టూ ఉంటుంది.

మా కంపెనీలో ఈ పద్ధతి ఆట రాకముందు నుంచే ఉంది. (పదహారేళ్ల క్రితం నన్ను మెషిన్ షాపు నుంచి స్టోర్స్‌కి ఇలాగే నడిపించారు. ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను. నేను కొడతానని ఎవరు భయపడ్డారో మాత్రం ఇప్పటికీ తెలియదు.)

అయితే, ఆ ఒక్క నోటిమాట ఉద్యోగుల వ్యవహారాలు చూసే మా పర్సనల్ డిపార్టుమెంటుకి నచ్చలేదు. నోటిమాటకి రికార్డు ఉండదు కదా. అందుకని ఫారం పదకొండు పుట్టింది. మూడు కాపీలు. 'బ్యాటరును నడిపించుటకు కారణము' అని ఒక గడి. ('భయం' అని రాయడానికి మొహమాటపడి అందరూ 'పరిపాలనా కారణములు' అని రాసేవారు.) 'నడుచుటకు బ్యాటరుకు అభ్యంతరము కలదా' అని ఇంకో గడి. కలదు అని రాసినా నడవాల్సిందే. అట్టడుగున అంపైరు సంతకం.

ఆ అంపైరు నేనే. ఏడో తరగతి సగంలో బడి మానేసినవాణ్ణి. ఆట నిబంధనల పుస్తకం కంపెనీకి వచ్చినప్పుడు స్టోర్స్‌లో దిగింది. అది కావాలని ఒక్కరూ ఇండెంట్ రాసి పెట్టలేదు. ఊరికే పడి ఉందని నేను చదివాను. అట్ట నుంచి అట్ట దాకా నేను చదివిన పుస్తకం అదొక్కటే. డిగ్రీలున్నవాళ్లని పట్టుకుని "పేజీ నలభై రెండు చూడండి సార్" అనడంలో ఉన్న సుఖం అనుభవించినవాడికి తెలుస్తుంది.

మా వదిన, అంటే మా అన్నయ్య భార్య, ప్యాకింగ్‌లో పని చేస్తుంది. తొమ్మిదేళ్లుగా టెంపరరీ. ఆరు నెలలకోసారి ఆవిణ్ణి గేటు దగ్గర ఒక రోజు ఆపేసి, మర్నాడు కొత్త మనిషిలా చేర్చుకుంటారు. ఎందుకొచ్చావని ఇంటర్వ్యూ కూడా చేస్తారు. అన్నయ్య నడుం పట్టేసి మంచానికి అంటుకుపోయాక ఇల్లు ఆవిడ మీదే నడుస్తోంది. తొమ్మిదేళ్లు పెట్టెలెత్తిన చేతులవి. బ్యాట్‌కి తగిలిందంటే బంతిని సైకిల్ స్టాండ్ అవతల వెతుక్కోవాలి.

ఆ ఏడాది ఒక సర్క్యులర్ వచ్చింది: 'డిపార్టుమెంట్ల మధ్య జరుగు సాఫ్ట్‌బాల్ టోర్నమెంటులో కనీసం ఒక హిట్ సాధించిన టెంపరరీ సిబ్బందిని క్రీడా కోటా కింద పర్మినెంట్ చేయవలెను.' పైన ఎవరో మంచి మనసుతో నిద్రలేచి సంతకం పెట్టేసినట్టున్నారు. అమలు చెయ్యాల్సింది పర్సనల్ వాళ్లు. చాలా శ్రద్ధగా అమలు చేశారు. అన్ని జట్ల కెప్టెన్లకీ ఒక్కో కట్ట ఫారం పదకొండు ముందే పంచారు. ఫైనల్ లోపు వదిన పద్నాలుగు సార్లు బ్యాట్ పట్టుకుని వచ్చింది, పద్నాలుగు సార్లూ నడిచింది.

"ఏమయ్యా మరిదీ," అంది పద్నాలుగోసారి బేస్ వైపు పోతూ. "డాక్టరు కూడా నన్నింత నడవమనలేదు."

"రూల్ వదినా."

"రూల్‌దేముంది, పుస్తకంలో పడుకుని ఉంటుంది. కాళ్లు నావి కదా."

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. ఫారాలు అయిపోవస్తున్నాయనీ, ఫైనల్ కోసం రెండు కొత్త కట్టలు కావాలనీ పర్సనల్ నుంచి నాకు ఇండెంట్ వచ్చింది. 'సైజు తెలుపవలెను' అని రాసి తిప్పి పంపాను. సైజు రాసి పంపారు. 'కాగితము రంగు తెలుపవలెను' అని మళ్లీ పంపాను. రెండు కట్టలూ నా టేబుల్ కిందే ఉన్నాయి, వాటి మీద నా టిఫిన్ క్యారియర్ ఉంది. (నా సర్వీసు మొత్తంలో నేను చేసిన సాహసం ఇదొక్కటే. దయచేసి ఎవరితో అనకండి.)

ఫైనల్ పర్సనల్ జట్టుతోనే. మొదటి రెండుసార్లూ మిగిలిన ఆఖరి ఫారాలతో వదినని నడిపించారు. మూడోసారి, ఆఖరి ఇన్నింగ్స్‌లో, వాళ్ల కెప్టెన్ సూపరింటెండెంటు పరుగున వచ్చాడు.

"ఫారం ఏదయ్యా?"

"స్టాకు లేదు సార్. రంగు తేలలేదు."

"సరే, నోటితో చెబుతున్నాను. నడిపించు."

"నోటిమాట చెల్లదని మీ సర్క్యులరే సార్."

ఆయన నన్ను తినేసేలా చూశాడు. ఇంక మిగిలింది ఒక్కటే దారి. బ్యాట్‌కి అందకుండా నాలుగు బంతులు దూరంగా వేస్తే, బ్యాటరు ఎలాగూ నడవాల్సిందే. వాళ్ల టైపిస్టమ్మ వెయ్యడం, వెనకాల క్యాచర్‌గా ఉన్న టైమ్ కీపర్ పక్కకి గెంతి పట్టుకోవడం. ఒకటి, రెండు, మూడు. మూడో బంతికి వదిన బ్యాట్ చాచి దూరం కొలుచుకుని, గీత అంచుకి జరిగింది.

నాలుగో బంతికి టైమ్ కీపర్, బంతి ఇంకా టైపిస్టమ్మ చేతిలో ఉండగానే, నేల మీద క్యాచర్‌కి గీసిన గడి దాటి బయటికి వచ్చేశాడు. (పాపం, బెల్లుకి ముందే లేవడం ఆయనకి వృత్తిలో అలవాటు.) అది తప్పు. పేజీ నలభై రెండు. నాకు కంఠతా వచ్చు.

"ఇల్లీగల్ పిచ్!" అని రెండు చేతులూ పైకెత్తి కేక పెట్టాను. "డెడ్ బాల్!"

నా నోట్లో మాట పూర్తవుతుండగా వదిన ఒంగి కొట్టింది. బంతి సైకిల్ స్టాండ్ దాటింది, క్యాంటీన్ కప్పు దాటింది. ప్యాకింగ్ వాళ్లంతా లేచి అరుస్తున్నారు. వదిన చీర కొంగు బిగించి అన్ని బేసులూ తిరిగి పరిగెత్తుకొచ్చింది.

అప్పుడు సూపరింటెండెంటు చాలా మెల్లిగా అడిగాడు. "డెడ్ బాల్ అన్నావు కదూ?"

పుస్తకం తెరిచాం. 'క్యాచర్ ముందుగా గడి దాటినచో అంపైరు ఎడమ చేయి పక్కకు చాచి, ఆ బంతి ఆట ముగియు వరకు ఆపక వేచి ఉండవలెను. బ్యాటరు కొట్టి బేస్ చేరినచో ఆ తప్పును లెక్క చేయరాదు, హిట్ చెల్లును.' 'వేచి ఉండవలెను' కింద ఎర్ర పెన్సిలు గీత ఉంది. నేనే గీశాను. కింద ఇంకో వాక్యం: 'డెడ్ అని ఒకసారి ప్రకటించిన బంతిని తిరిగి బతికించు అధికారము ఎవరికీ లేదు.' శిక్షగా ఆ బంతి చెడ్డ బంతుల లెక్కలో కలిసింది. అది నాలుగోది.

"అంటే?" అంది వదిన రొప్పుతూ.

"మొదటి బేస్‌కి నడవాలి వదినా."

"ఇప్పుడే కదయ్యా అన్నీ చుట్టొచ్చాను!"

"అది లెక్కలోకి రాదు."

బ్యాట్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "దారి నాకు తెలుసులే," అని నడిచింది. తర్వాతి బ్యాటరు ఔటైంది. మ్యాచ్ పర్సనల్ నెగ్గింది.

ఆ సాయంత్రం అన్నయ్య మంచం మీంచే అడిగాడు. "మీ వదిన కొట్టిందటగా?"

"కొట్టింది."

"మరి కొట్టలేదన్నది ఎవడ్రా?"

నాకు చాలా దాహం వేసి వంటింట్లోకి వెళ్లాను.

వారం తర్వాత గేటు దగ్గర బోర్డు మీద నోటీసు అంటించారు. 'క్రీడా కోటా కింద అర్హత పొందిన టెంపరరీ సిబ్బంది: ఎవరూ లేరు. నిబంధనల అమలులో చూపిన ప్రత్యేక శ్రద్ధకు గాను స్టోర్స్ కీపరును కంపెనీ అంపైరుగా పర్మినెంట్ చేయడమైనది.'

వదిన వచ్చి పక్కన నిలబడింది. "కళ్లజోడు తేలేదు. ఏం రాశారో కాస్త చదువు మరిదీ."

పైనుంచి కింద దాకా, ఒక్క అక్షరం తప్పు పోకుండా, చదివి వినిపించాను.